అరగంట ఆగండి
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికకు ఇవ్వడమైనది.)



పోయిన నెల ఇదే వేదిక మీద ఒక మిత్రుడు కమ్యుటేషన్ గురించి లెక్కలతో సహా చక్కగా చెప్పారు. అంతకుముందు నెల మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి విన్నాం. ఈ నెల నా వంతు అని కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు, "నాకేం తెలుసండీ, ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు కట్టాను, డ్రాఫ్టులు రాశాను, అంతే" అన్నాను. "మొన్న మీ కారు రేడియేటర్ పైపు మీరే మార్చుకున్నారట కదా, అది చెప్పండి" అన్నారు. పరిహాసానికి అన్నారేమో అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అదీ చెప్పదగిన విషయమే అనిపించింది. అందులో పైపు సంగతి ఒక్కటే లేదు. నలభై ఏళ్ళకు పైగా నా మనసులో దాచుకున్న మాట ఒకటి ఉంది. అదీ ఈరోజు చెప్పి వెడతాను.

మనలో చాలామంది ఉద్యోగంలో ఉండగా సైకిలు, ఆ తర్వాత స్కూటరు. రిటైరయ్యాక గ్రాట్యుటీ డబ్బుతోనో, పిల్లల బలవంతం మీదనో ఒక చిన్న కారు కొనుక్కున్నవాళ్ళం. నేనూ అంతే. నాది సెకండ్ హ్యాండుది, ఇప్పటికి పద్దెనిమిదేళ్ళ బండి. నెలకు రెండు మూడు సార్లు ఆస్పత్రికో, గుడికో, పెళ్ళికో తప్ప బయటికి తీయం. తక్కువ తిరుగుతోంది కదా, బాగానే ఉంటుందిలే అనుకుంటాం. రబ్బరు విషయంలో ఆ లెక్క కుదరదు. తిరిగినా తిరగకపోయినా ఎండకూ వేడికీ వయసుకూ అది గట్టిపడుతుంది, పగుళ్ళిస్తుంది. మన మోకాళ్ళలాగే అనుకోండి.

పోయిన వేసవిలో ఒకరోజు ఉదయం కారు తీసి బజారుకు వెళ్ళి వచ్చాను. మర్నాడు మా ఆవిడను కంటి పరీక్షకు విజయవాడ తీసుకువెళ్ళాలి. కారు దిగి చూస్తే ముందు చక్రాల మధ్య నేల మీద పచ్చటి చుక్కలు. ఏసీ నీళ్ళయితే రంగుండదు, వాసనుండదు. ఇది పచ్చగా ఉంది, వేలితో ముట్టుకుంటే జిడ్డుగా ఉంది, కాస్త తియ్యటి వాసన. కూలెంట్ కారుతున్నదని అర్థమైంది.

సెలవులకు వచ్చిన మా మనవడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు, బానెట్ ఎత్తాడు. "ఇంతేనా తాతయ్యా, నీళ్ళు తగ్గుంటాయి, పోసేద్దాం" అంటూ చేతిరుమాలు మడిచి రేడియేటర్ మూత మీద వేశాడు. నాకు తెలియకుండానే ముందుకు దూకి వాడి మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నానేమో, వాడు బిత్తరపోయాడు. "అరగంట ఆగరా" అన్నాను. నా గొంతు వణికిందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఎందుకు వణికిందో చెప్పాలంటే ముందు ఆ మూత సంగతి చెప్పాలి.

ఇంజను లోపల పెట్రోలు మండి పుట్టే వేడిలో బండిని నడిపించడానికి ఉపయోగపడేది కొంతే. మిగిలిన వేడిని బయటికి పంపకపోతే లోపలి లోహం వంకరపోతుంది. అందుకని ఇంజను చుట్టూ నీళ్ళు, కూలెంట్ కలిసిన ద్రవం తిరుగుతూ ఉంటుంది. వాటర్ పంపు దాన్ని తోస్తుంది. ఇంజనులో వేడెక్కిన ద్రవం సాధారణంగా పై గొట్టం గుండా రేడియేటర్‌లోకి వస్తుంది. అక్కడ సన్నని గొట్టాల్లోంచి దిగుతూ గాలికి చల్లబడి, కింది గొట్టం గుండా మళ్ళీ ఇంజనుకు పోతుంది. మధ్యలో థెర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. ఇంజను తగినంత వేడెక్కేదాకా అది మూసుకునే ఉంటుంది. మన ఆఫీసులో టపా ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకు తిరిగినట్టే ఇదీను. తేడా ఒక్కటే, ఇక్కడ ఎక్కడ ఆగినా నిమిషాల్లో కొంప మునుగుతుంది.

ఇక మూత. అది వట్టి మూత కాదు, ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. వంటింట్లో కుక్కర్ లోపల పీడనం పెరగడం వల్ల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగక 120 డిగ్రీల దాకా పోతాయి. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. రేడియేటర్ మూత కూడా చాలా కార్లలో దాదాపు అంత పీడనాన్నే పట్టి ఉంచుతుంది. లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. ఆ స్థితిలో మూత తీశామా, పీడనం ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా కదలకుండా ఉన్న నీళ్ళు ఆవిరిగా మారి మనిషెత్తు చిమ్ముతాయి. కుక్కర్ కూత వేస్తుండగా మూత తీసే ఆడమనిషిని నేను చూడలేదు. కారు దగ్గర మాత్రం చదువుకున్నవాళ్ళం కూడా ఆ పని చేస్తాం.

ఇప్పుడు నా పాత సంగతి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఈ సభలో ఉన్న కృష్ణా జిల్లా వాళ్ళకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. వేలాదిమంది పోయారు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళైన నన్ను సహాయ కార్యక్రమాల కాగితాలు చూసే పనిలో వేశారు. ఉప్పెన వచ్చిన రెండో వారంలో ఒకరోజు, జాబితాలూ రిజిస్టర్లూ ఒక ట్రంకుపెట్టెలో పెట్టుకుని బందరు నుంచి జీపులో అవనిగడ్డ బయలుదేరాను. డ్రైవరు మా అందరికంటే పెద్దవాడు, మా నాన్న వయసుంటుంది. ఆఫీసులో అందరూ ఆయన్ను బాబాయ్ అనేవారు. నేనొక్కణ్ణే "డ్రైవర్" అనేవాణ్ణి. ఇరవై అయిదేళ్ళ వయసు, చేతిలో ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాలు.

చల్లపల్లి దాటి మోపిదేవి వైపు పోతుండగా బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. బాబాయ్ బండి పక్కకు తీసి చూశాడు. పై గొట్టం రేడియేటర్‌కు తగిలే చోట చీలింది. "అరగంట ఆగాలండీ గుమాస్తాగారూ, చల్లారితే కట్టు కడతాను" అన్నాడు. నేను వాచీ చూసుకున్నాను. "అక్కడ జనం పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి ఉంటే అరగంట అంటావేమయ్యా. నీ మూలంగా ఆలస్యమైందని రాయమంటావా?" అన్నాను. సరిగ్గా ఈ మాటే అన్నాను. మరిచిపోతే బాగుండును, మరిచిపోలేదు.

ఆయన ఇంకేమీ అనలేదు. గోనెపట్టా మడిచి మూత మీద వేసి తిప్పాడు. పట్టా ఎగిరిపోయింది. వేడినీళ్ళు కుడిచేయి మోచేతి దాకా, మెడ మీదా పడ్డాయి. ఆయన కేక వేసింది నాకు గుర్తులేదు. పక్కన కాలువ గట్టున కూర్చుని చేయి నీళ్ళలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎడమచేత్తో సీటు కింది నుంచి పాత సైకిల్ ట్యూబు ముక్క తీసి, నా చేత ఒక కొస పట్టించి, చీలిక మీద బిగించి చుట్టాడు. ఇంజను ఇంకాస్త చల్లారాక నీళ్ళు పోసి బండి నడిపాడు. అవనిగడ్డలో వైద్య శిబిరం దగ్గర దిగేసరికి ఆ చేయి చూడటానికి లేదు. ఇంతకూ మేము అక్కడికి చేరింది ఒక గంట పైగా ఆలస్యంగానే.

అసలు చెప్పవలసింది ఇంకా ముందుంది. తిరిగి వచ్చాక ఆఫీసులో దాని మీద నోట్ పెట్టమన్నారు. రాసింది నేనే. "మార్గమధ్యమున ఇంజను వేడెక్కగా డ్రైవరు మూత తీయుటలో వేడినీరు పడి గాయపడినాడు" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నేను తొందరపెట్టానన్న మాటా లేదు. వేడి మీద మూత ఎందుకు తీశావో సంజాయిషీ ఇమ్మని బాబాయ్‌కి మెమో వెళ్ళింది. ఆయన "నా పొరపాటు" అని రాయించి వేలిముద్ర కాదు, వంకర టింకర అక్షరాలతో సంతకం పెట్టాడు. ఆ కాగితం ఫైల్లో కట్టింది కూడా నేనే. పేజీ నంబరు వేసి, ఇండెక్సులో ఎక్కించి, "లాడ్జ్" చేశాను.

ఆయన తర్వాత కూడా నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. షెడ్డు దగ్గర చెట్టు కింద బండి విప్పుకుంటుంటే నేను మధ్యాహ్నం పూట వెళ్ళి నిలబడేవాణ్ణి. గొట్టం ఎలా విప్పాలో, క్లిప్పు ఎంత బిగించాలో నాకు చూపించింది ఆయనే. కుడిచేతి చర్మం మడతలు పడి మెరుస్తూ ఉండేది. అప్పటికి నేనూ బాబాయ్ అనడం మొదలుపెట్టాను. ఆ ఒక్క మాట మాత్రం, "తప్పు నాది బాబాయ్" అని, ఆయన రిటైరయ్యేదాకా అనలేకపోయాను. ఆ తర్వాత కొన్నాళ్ళకు పోయారు. అనే అవకాశం లేకుండా పోయింది.

అందుకే మనవడి చేయి పట్టుకున్నప్పుడు నా గొంతు వణికింది.

సరే, పని ఎలా చేశానో చెబుతాను. మీలో చేతనైనవారికి పనికొస్తుంది. చేతకానివారికి మెకానిక్కు ఏం చేస్తున్నాడో తెలుస్తుంది.

ఆ రోజు కారు ముట్టలేదు. రాత్రంతా చల్లారనిచ్చాను. అరగంట అన్నది మాటకు చెప్పాను గానీ, ఇంట్లో ఉన్నప్పుడు రాత్రంతా వదిలేయడం అన్నిటికన్నా మంచిది. మర్నాడు మా ఆవిడా నేనూ బస్సులో విజయవాడ వెళ్ళి వచ్చాం. "ఇంట్లో కుళాయి వాషరు మార్చమంటే ఆర్నెల్లు చేశారు, కారు మీరు బాగుచేస్తారా?" అని ఆవిడ దారి పొడుగునా అడిగింది. ఆ మూడో రోజు ఉదయం పని మొదలుపెట్టాం.

మొదట బండి చదునైన చోట ఉందో లేదో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉందో లేదో చూసుకున్నాం. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాను. కొన్ని కార్లలో స్విచ్ ఆపినా రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరుగుతుంది. అందులో వేళ్ళు పెడితే అంతే సంగతులు.

తర్వాత కారుతున్నది ఎక్కడి నుంచో కనిపెట్టాలి. కూలెంట్ ఆరిపోయిన చోట తెల్లగానో పచ్చగానో పొరలా కడుతుంది. గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడాలి. బాగున్న గొట్టం నొక్కితే లొంగి మళ్ళీ లేస్తుంది. చెడినది కొయ్యలా ఉంటుంది, లేదా నానిన అట్టలా మెత్తబడి ఉబ్బి ఉంటుంది. క్లిప్పు వదులై కీలు దగ్గర కారుతుంటే బిగిస్తే చాలు. గొట్టం కొసలోనే పగిలి, పొడవు మిగులు ఉంటే ఆ కొస కోసి మళ్ళీ తొడగవచ్చు. మధ్యలో పగిలితే, లేదా గొట్టమంతా ముసలిదైతే మార్చవలసిందే. మాది కొసలో పగిలింది, గొట్టమూ ముసలిదే. మార్చాలని నిశ్చయించాం.

రేడియేటర్ అడుగున మర ఉంటుంది. కింద వెడల్పాటి బేసిను పెట్టి, చల్లగా ఉందని నిర్ధారణ చేసుకుని పై మూత తీసి, ఆ మర వదులు చేసి ద్రవం దింపాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు, దూడలు నాకుతాయి, చిన్నపిల్లలూ నోట పెట్టవచ్చు. నేల మీద ఒలికితే వెంటనే కడగాలి. తీసిన ద్రవాన్ని వీధి కాలువలో పోయకుండా డబ్బాలో పోసి మూత పెట్టి వర్క్‌షాపు వాళ్ళకు అప్పగించాలి.

క్లిప్పులు స్క్రూ రకమైతే స్క్రూడ్రైవరుతో, స్ప్రింగు రకమైతే పటకారుతో నొక్కి వెనక్కి జరపాలి. గొట్టం ఏళ్ళ తరబడి అతుక్కుపోయి ఉంటుంది. మనవడు బలంగా తిప్పబోయాడు. అలా చేయకూడదు. గొట్టం తగిలే మెడ ప్లాస్టిక్‌దైతే విరుగుతుంది, అప్పుడు గొట్టం ఖర్చు కాస్తా రేడియేటర్ ఖర్చవుతుంది. పాతది ఎలాగూ పారేసేదే కనుక బ్లేడుతో నిలువునా జాగ్రత్తగా చీల్చి, తొక్క ఒలిచినట్టు ఒలిచాం. మెడకు గాటు పడకుండా చూసుకుని, తడిగుడ్డతో మకిలి తుడిచాం.

పాత గొట్టం సంచిలో వేసుకుని స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళాం. బండి పేరు, సంవత్సరం చెప్పినా సరే, నమూనా చేతిలో ఉండాలి. లావు సరిపోయి వంపు సరిపోకపోతే తొడిగాక మడతపడి దారి మూసుకుంటుంది. గొట్టం, రెండు కొత్త క్లిప్పులు, కూలెంట్ తెచ్చుకున్నాం. రసీదు తీసుకున్నాను. అలవాటు పోదు కదా.

తొడిగేటప్పుడు క్లిప్పులు ముందే గొట్టానికి ఎక్కించుకోవాలి. నేను ఇది మరిచిపోయి ఒకసారి తొడిగి మళ్ళీ ఊడదీశాను. మనవడు నవ్వాడు. గొట్టం సులువుగా ఎక్కడానికి కొస లోపల కాస్త కూలెంట్ రాయాలి. గ్రీజు, ఇంజనాయిలు రాయకూడదు, అవి ఈ రబ్బరును ఉబ్బిస్తాయి. మెడ మీద చుట్టూ ఒక గట్టులాంటిది ఉంటుంది. గొట్టం ఆ గట్టు దాటి లోపలికి పోవాలి, క్లిప్పు ఆ గట్టుకు ఆవల కూర్చోవాలి. క్లిప్పు గట్టు మీదనో, గొట్టం కొస అంచునో ఉంటే నాలుగు రోజులకు జారుతుంది. బిగింపు విషయంలో బాబాయ్ చెప్పిన కొలత ఒకటే. గొట్టం చేత్తో తిప్పితే కదలకూడదు, క్లిప్పు రబ్బరును కోయకూడదు.

అడుగు మర బిగించి, కూలెంట్ నెమ్మదిగా పోశాం. బోరు నీళ్ళు వద్దు, గీజరులో పట్టినట్టే లోపల సున్నం పడుతుంది. కూలెంట్ కొన్ని రకాలు కలిపే వస్తాయి, కొన్నిటికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపాలి. డబ్బా మీద ఏం రాసి ఉందో, కారు పుస్తకంలో ఏ రకం చెప్పారో చదవాలి. ఒక రకంలో ఇంకో రకం కలపకూడదు. బ్యాటరీ వైరు తగిలించి, మూత తీసి ఉంచే, చల్లటి ఇంజను స్టార్టు చేశాం. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా వస్తుంది, మట్టం దిగుతుంది, మళ్ళీ పోయాలి. ముఖం దూరంగా పెట్టుకోవాలి. పై గొట్టం వెచ్చబడిందంటే థెర్మోస్టాట్ తెరుచుకున్నదని గుర్తు. అప్పటికి మట్టం సరిచేసి మూత పెట్టేయాలి. పక్కనుండే చిన్న డబ్బాలో రెండు గీతల మధ్యకు పోయాలి. వీధి చివరి దాకా ఒకసారి తిప్పి తెచ్చి, కింద పాత పేపరు పరిచి ఉంచాం. మర్నాడు చూస్తే పేపరు పొడిగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు మట్టం మరోసారి చూసి, క్లిప్పులు కాస్త సరిచూశాం. అంతటితో పని ముగిసింది.

దారిలో ఇలా జరిగితే ఏం చేయాలని అడుగుతారు. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపండి. ఆవిరి వస్తుంటే బానెట్ కూడా వెంటనే ఎత్తకండి. మండుతున్న ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, లోహం పగలవచ్చు. బాగా చల్లారాక చీలిక మీద సైకిల్ ట్యూబు ముక్క గానీ, ఇప్పుడు దొరికే, తనలో తాను అతుక్కునే సిలికాన్ టేపు గానీ లాగి చుట్టి, నీళ్ళు పోసి నెమ్మదిగా దగ్గరి మెకానిక్కు దాకా పోవచ్చు. అది కట్టు మాత్రమే, వైద్యం కాదు. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతున్నా, ఇంజనాయిలు పాలమీగడలా మారినా, పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా అది మన చేతి పని కాదు. కొత్త కార్లలో చాలావాటికి వేరే రకం బిగింపులు ఉంటాయి. విద్యుత్ కార్లలో చల్లబరిచే గొట్టాల పక్కనే నారింజరంగు హై వోల్టేజి తీగలు ఉంటాయి. వాటి జోలికి అసలు పోవద్దు. మీ కారు పుస్తకం చదివి, తెలియని చోట ఆగిపోండి.

మిత్రులారా, ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. ఆ రోజు పని అయ్యాక చేతులు కడుక్కుంటూ మనవడికి బాబాయ్ సంగతి మొత్తం చెప్పాను. నా కొడుక్కి కూడా చెప్పని విషయం. వాడు కాసేపు ఊరుకుని, "ఇప్పుడైనా రాయి తాతయ్యా" అన్నాడు. ఆ ఫైలు ఎప్పుడో కాలపరిమితి తీరి చెదలకో నిప్పుకో పోయి ఉంటుంది. సవరణ రాద్దామంటే కాగితం లేదు. అందుకని ఈ సభలో చెబుతున్నాను. ఆనాడు మూత తీసింది బాబాయ్ చేయే అయినా, తీయించింది నా నోరు. ఆ సంజాయిషీ ఇవ్వవలసినవాణ్ణి నేను. మన సంఘం సంచికలో అచ్చయితే, కనీసం ఒక రికార్డులో అసలు సంగతి ఉంటుంది.

మీరు కారు బాగుచేసుకున్నా, మెకానిక్కు చేత చేయించుకున్నా, అతను "కాస్త చల్లారనివ్వండి సార్" అన్నప్పుడు వాచీ చూసుకోకండి. అరగంట ఆగండి.